ఎర్రటి బేసిన్ ముందు చాపిన చేయి

రెండువేల సంవత్సరం వచ్చింది. వైటూకే అంటూ, సంవత్సరం మారగానే కంప్యూటర్లు ఆగిపోతాయని అంత హడావిడి చేశారా, ఏవీ ఆగిపోలేదు. ఆ పని కోసమే తీసుకున్న మా ఆయన ఉద్యోగం మాత్రం ఆగిపోయింది. అప్పుడు మేం సిడ్నీలో, గిరావీన్ అనే పేటలో ఉండేవాళ్లం. ఇంట్లో ఇద్దరం మాట్లాడుకోవడమే మానేశాం. నాకు ఏడుపు కూడా వచ్చేది కాదు.

ఒక శనివారం "ఇంట్లో కూర్చుని ఏం చేస్తాం, పద" అని ఆయన కొరియా వాళ్ల బజారుకి తీసుకెళ్లారు. అక్కడొక పెద్దావిడ బేసిన్ ముందు కూర్చుని క్యాబేజీ ఆకులకి ఎర్రటి కారం పట్టిస్తోంది. కిమ్చీ అంటారట. ఒకటే వెల్లుల్లి వాసన. గుంటూరులో మా అమ్మ కొత్తావకాయ కలుపుతుంటే అందరం చేయి చాపేవాళ్లం, రుచికి తలా కాస్త వేసేది. ఆ అలవాటు కొద్దీ ఇక్కడా అరచేయి చాపి నిలబడ్డాను.

ఆవిడ నా చేయి చూసింది, ముఖం చూసింది. లేచి లోపలికెళ్లి గిన్నెడు వేడన్నం, పైన ఆ కిమ్చీ వేసి తెచ్చింది. స్టూలు జరిపి "ఈట్, ఈట్" అంది. మా ఆయన పర్సు తీస్తే వద్దని చేయి ఊపింది.

"అడుక్కుంటున్నావనుకుందే! అలా కాదని చెప్పు" అన్నారాయన నా చెవిలో. చుట్టూ జనం చూస్తున్నారు. సిగ్గుపడాలని తెలుసు, సిగ్గు కూడా రాలేదు. కూర్చుని మొత్తం తినేశాను.

ఆవిడ పొరపాటు పడిందని మా ఆయన ఇప్పటికీ అంటారు. ముందురోజు నుంచీ నేనేమీ తినలేదని నాకు గుర్తొచ్చింది మాత్రం, ఆ గిన్నె ఖాళీ అయ్యాకే.