చప్పుడు లేని రేడియో

ఆ రోజుల్లో రేడియో విప్పడం తెలిసినవాడికి ఊళ్లో ఉండే మర్యాదే వేరు. పోస్టులో పాఠాలు తెప్పించుకుని, ఇంట్లో రేడియో విప్పి, బిగించాక రెండు స్క్రూలు మిగిల్చిన నన్ను కూడా మానుకోట బజారులో మెకానిక్ అనే పిలిచేవారు. (స్క్రూలు మిగిలినా రేడియో పాడింది, కాబట్టి తప్పు స్క్రూలదే.) అది అరవై తొమ్మిది, ప్రత్యేక తెలంగాణ కోసం ఊళ్లన్నీ ఉడుకుతున్న కాలం. మా చిన్నమ్మ చాయ్ హోటల్లో సాయంత్రం వార్తలకు జనం రోడ్డు దాకా మూగేవారు, ఉద్యమం మాట వస్తే నినాదాలు అందుకునేవారు. కొత్తగా వచ్చిన ఎస్సైకి ఇది గిట్టలేదు. "రేపట్నుంచి దీని చప్పుడు బయటికి వినబడితే పెట్టె స్టేషన్‌కి వస్తుంది" అని చెప్పి పోయాడు. జనం వచ్చేదే రేడియో కోసం. అది పోతే హోటల్ పోయినట్టే, చిన్నమ్మకు వేరే ఆధారం లేదు.

"కొన్ని రోజులు బంద్ పెడదామా చిన్నమ్మా?" అన్నాను. "ఎందుకు బంద్ వెడ్తవ్‌రా? సప్పుడు రావద్దన్నడు, గంతే గద. సప్పుడు రాకుంట జెయ్. మెకానిక్‌నంటివి గద" అంది. నాకు పౌరుషం వచ్చింది. స్పీకరు తీగలు ఊడదీసి వాటికి టార్చిలైటు బల్బు కట్టాను. రేడియోలో మాట వస్తే బల్బు మిణుకుమంటుంది, ఆగితే ఆరుతుంది. ఇంకో తీగ లాగి ఇయర్‌ఫోన్ నా చెవిలో పెట్టుకున్నాను. నేను విని చెప్పాలి, జనం బల్బు చూడాలి. వింత చూడడానికి పెద్దవంగర నుంచి కూడా వచ్చారు. మొదటిరోజు బల్బు జోరుగా వెలుగుతుంటే ఒక పెద్దాయన "మన ముచ్చటేనా?" అని అడిగాడు. నా చెవిలో ఆముదం చేనుకు పట్టే పురుగు గురించి చెబుతున్నారు. నేను నోరు తెరిచేలోగా అందరూ పిడికిళ్లెత్తి జై తెలంగాణ అన్నారు. ఆముదం పురుగుకు అంత ఆవేశంగా జై కొట్టిన ఊరు మరొకటి ఉండదు.

ఆ కేకలకు ఎస్సై పరుగున వచ్చాడు. "రేడియో పెట్టారా?" అన్నాడు. "చెవి వెట్టి సూడు సారూ, సప్పుడున్నదా?" అంది చిన్నమ్మ. ఆయన నిజంగానే పెట్టెకు చెవి ఆనించాడు. ఆయన మీసం పక్కనే బల్బు మిణుకుమంటోంది. "మరి ఇదేంటి?" "దీపం సారూ. మాపటేళ దీపం గూడ వెట్టుకోవద్దా?" ఆయనకు కోపం తెచ్చుకోవాలో నవ్వాలో తెలియలేదు. బల్బు పీకి జేబులో వేసుకుని పోయాడు. రేడియో మిగిలింది.

మర్నాడు సాయంత్రం బజారులో టార్చిలైట్లన్నీ గుడ్డివైపోయాయి. వచ్చిన ప్రతివాడూ ఒక బల్బు తెచ్చి చిన్నమ్మ ముందు పెట్టాడు. (కిరాణా సేటు మాడిపోయినది తెచ్చి "ఉద్యమానికి నా తరఫున" అన్నాడు.) ఎస్సై రోడ్డుకు అవతల నిలబడి ఆ కుప్పను చూశాడు. జేబులు చాలవనుకున్నాడేమో, ఇటు రాకుండానే వెళ్లిపోయాడు.

రాష్ట్రం వచ్చేనాటికి చిన్నమ్మ లేదు. ఆమె ఉంటే ఎంత బాగుండేదో అని ఆ రోజు నాకు దుఃఖం వచ్చింది. టీవీ సౌండు మొత్తం పెంచేశాను. కోడలు వచ్చి "మామయ్యా, బజారంతా ఇనవడుతుంది, జర తగ్గియ్యుండ్రి" అంది. ఈ వయసులో ఈ మొండితనమేమిటని నాకే నవ్వొచ్చింది. తగ్గించలేదు.