ఆఖరి లైన్ సదువు బిడ్డా

మా సర్వర్ రూం పెద్దసారు పోయిండని మంగళవారం పొద్దున ఆఫీసు గ్రూపుల మెసేజ్ వచ్చింది. ఉప్పల్ల తన ఇంట్లనే, నిద్రలనే అంట. అందరు దండం బొమ్మలు వెట్టిన్రు. నేను గూడ వెట్టిన. వెట్టినంక మస్తు సిగ్గనిపించింది. ఆయనకు నేను చేసింది ఆ గ్రూపుల ఒక్కరికి తెల్వదు.

నాచారంల మాది మందుల కంపెనీ. ఏ లారీల ఏ సరుకు పోవాల్నో రాసిన ఫైలు రోజు మధ్యాహ్నం మా సర్వర్ నుంచి ఘట్‌కేసర్ గోదాముకు పోతది. సర్వర్ బాగోగులు, ఆ ఫైలు చేరుడు సూసుకునేది మేమిద్దరం. ఫైలు పోయిందని కంప్యూటర్ చెప్పినా సారు ఊకుండకపోతుండె. టిఫిన్ డబ్బ మూత వెట్టి, చేతులు కడుక్కొని, గోదాముకు ఫోన్ జేస్తుండె. అక్కడి అమ్మాయితోని "ఆఖరి లైన్ సదువు బిడ్డా" అంటుండె. ఆమె సదివింది తన ఫైల్ల ఉన్నదానితోని కలిస్తేనే కుర్చీల ఎనుకకు వాలుతుండె.

నాకు నవ్వొచ్చేది. నేనే కూసొని కంప్యూటర్ల ఒక తెర తయారు జేసిన. ఫైలు పోతే పచ్చ లైటు, మా సర్వర్ల గాని గోదాము సర్వర్ల గాని ఫైళ్లు వట్టే జాగ తక్కువైతే నా ఫోనుకు మెసేజ్. సారు సంబురపడ్డడు. "మంచిగ జేసినవ్ తమ్మీ. అయితే ఇది మనం పంపిందే చెప్తుంది. అందినోళ్లను గూడ అడగాలె గదా" అన్నడు.

"గీ కాలంల ఫోన్లేంది సార్, నవ్వుతరు. బంద్ జేయుండ్రి" అన్న. నా మొఖం సూసి బంద్ జేసిండు.

గోదాము సర్వర్ల జాగ నిండుతుందని నాలుగొద్దులు ఒకటే మెసేజ్‌లు. ఇసుగు పుట్టి వాటిని రాకుండ జేసిన. సారుకు చెప్పలే. ఐదో రోజు జాగ లేక ఫైలు సగమే అందింది. మా తెర మీద పచ్చ లైటే. సగం లారీలు సరుకు లేక నిలబడ్డయ్.

మేనేజరు ఉరికొచ్చి "ఎవరు సూస్తున్నరు?" అన్నడు.

"రోజు ఫోన్ జేసి అడిగేది సారే" అన్న.

సారు నా దిక్కు సూసిండు. "అవు సార్. ఇయ్యాల జెయ్యలే" అన్నడు.

గంతే. ఆయనను గేటు కాడ బండ్ల నంబర్లు రాసే పనికి మార్చిన్రు. రిటైరయ్యేదాక అక్కడనే ఉన్నడు. నేను ఫోన్ల మొఖం వెట్టి గేటు దాటేటోన్ని. "తిన్నవా తమ్మీ?" అని ఆయనే పలకరిస్తుండె. అప్పుడు సిగ్గుతోని సచ్చిన అంటే అబద్ధం. బతికిపోయిన అనుకున్న. ఆయన పోయినంకనే సిగ్గు పట్టుకున్నది. మాఫ్ చెయ్యుండ్రి సార్ అనడానికి గేటు కాడ ఎవరు లేరు.

నిన్న మధ్యాహ్నం నేనే గోదాముకు ఫోన్ జేసిన. ఆ అమ్మాయే ఎత్తింది. ఆఖరి లైన్ సదవమన్న. సదివింది. ఫోన్ వెట్టకముందు అడిగింది, "పెద్దసారు ఉన్నట్టుండి ఫోన్ జేసుడు బంద్ జేసిండు సార్. నా మీద కోపమొచ్చిందేమో అని ఇన్నొద్దులు అనుకున్న. ఏమైండె?"

"నీ మీద కాదు బిడ్డా" అన్న.

"హలో సార్, ఇనబడుతుందా?" అని ఆమె అడుగుతనే ఉన్నది.