రెండు పిల్లల దవాఖానలు

మా బిడ్డ రేణుకకు పెళ్లయి తొమ్మిదేళ్లు. పిల్లలు లేరు. నిజామాబాద్‌లోని ఒక దవాఖానలో ఐవీఎఫ్ పద్ధతిలో చేసిన వాళ్ల పిండాలు చల్లగా భద్రపరిచి ఉన్నాయి. కానీ గర్భసంచి లోపలి పొర చాలినంత మందంగా పెరగడం లేదని, పిండం పెట్టడం రెండుసార్లు ఆపేశారు. ఈసారి ఆమె రక్తం నుంచే మందు తీసి లోపలికి ఎక్కిద్దామన్నారు. దాన్ని పీఆర్‌పీ అంటారట. అల్లుడు వర్ని వైపు వరికోత మిషన్ నడుపుతాడు, కోతలు వదిలి రాలేకపోయాడు. రేణుకకు తల్లి లేదు. ఇవి తండ్రీ కూతుళ్లు మాట్లాడుకునే సంగతులు కావు. అయినా నేనే బయల్దేరాను.

పొద్దున ఏడున్నరకు బోధన్‌లో బస్సెక్కాం. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి బిడ్డకు జీరో టికెట్, నాకు యాభై రూపాయల లోపే. ఎడపల్లి, జానకంపేట మీదుగా గంట ప్రయాణం. ఒకప్పుడు చెరకు నిలబడ్డ చేలల్లో ఇప్పుడంతా వరి. కిటికీలోంచి చూస్తూ రేణుక ఒక్క మాటే అంది. "ఈసారి సుత ఆపేస్తే ఇగ నేను రాను బాపూ." సంచిలోంచి ఇడ్లీల డబ్బా తీసి ఆమె ఒళ్లో పెట్టాను.

నిజామాబాద్ బస్టాండు బయట ఆటో అతను "యాడికి కాకా?" అన్నాడు. ఏ దవాఖానో చెప్పడానికి నోరు రాలేదు. "పిల్లల దవాఖానకు" అన్నాను. ఎప్పుడూ అల్లుడి బండి మీద వచ్చే రేణుక కూడా దారి పట్టించుకోలేదు. పది నిమిషాల్లో దించాడు. లోపల గోడల నిండా ఏనుగు బొమ్మలు, సూదిమందుకు ఏడుస్తున్న చంటివాళ్లు. చీటీ రాసే అమ్మాయి "బాబు ఏడి తాతా?" అని అడిగింది. నేను రేణుక ముఖం చూడలేకపోయాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. "బాబు ఇంకా రాలే మేడం, మేమే జర ముందుగాల వచ్చినం" అంది.

ఆటో ఇంకా అక్కడే ఉంది. సంగతి విని అతను నెత్తి కొట్టుకున్నాడు. "పిల్లలు పుట్టే దవాఖాన అని సక్కగ చెప్పొద్దా కాకా? గిండ్ల సిగ్గేంది? మా చెల్లె సుత గాడికే పోయింది." అసలు దవాఖాన ముందు దించాడు. మొత్తం ఎనభై రూపాయలు ఇచ్చాను, రెండో చోటికి అతను వేరే అడగలేదు.

అక్కడ రేణుక చేతి నుంచి రక్తం గొట్టాల్లోకి తీశారు. నర్సు ఆ గొట్టాలను పక్క గదిలో గుండ్రటి మిషన్‌లో పెట్టి మూత వేసింది. గుయ్యిమని తిరిగింది. ఆ చప్పుడు నాకు తెలుసు. చక్కెర ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు అలాంటి పెద్ద మిషన్ ముందే నిలబడ్డాను. గిరగిరా తిప్పితే నల్లటి మడ్డి బయటికి పోయి, లోపల జాలీకి చక్కెర మిగిలేది. రేణుక కళ్లు ఆ గది మీదే ఉన్నాయి.

"భయపడకు బిడ్డా. గిది మన ఫ్యాక్టరీ మిషనే. తిప్పితే దేనికది ఇడిపోతది."

"నా నెత్తుర్ల చక్కెర ఎల్తదా మరి?"

"సూద్దాం ఆగు."

నర్సు గొట్టం తెచ్చి చూపింది. అడుగున ఎరుపు, పైన లేత పసుపు. "గీ పసుపుదాంట్లనే గాయం మాన్పే కణాలుంటయి తాతా" అంది. దాన్నే సన్నటి గొట్టంతో గర్భసంచిలోకి పంపారు. ఇది అందరికీ పనిచేస్తుందని మాట ఇవ్వలేనని డాక్టరమ్మ ముందే చెప్పింది. అరగంట పడుకోబెట్టారు. మూడు గంటల బస్సుకు తిరుగు ప్రయాణం. రేణుక నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. చిన్నప్పుడు అలా పడుకునేది.

మూడో రోజు స్కానింగ్‌కు మళ్లీ వెళ్లాం. పొర పెరిగింది. వచ్చే వారం పిండం పెడతామన్నారు. అది నిలుస్తుందో లేదో ఎవరూ చెప్పలేరు. కానీ ఇక రానన్న బిడ్డ, వచ్చే వారం బస్సు టైము తానే అడిగి తెలుసుకుంది. ఇన్నేళ్లూ సిగ్గుతో నేను ఆమె బాధను ఒక్కసారి కూడా అడగలేదు. పక్కన కూర్చోవడానికి ఎక్కువ మాటలు అక్కర్లేదని ఇప్పుడు తెలిసింది.

మీరు వెళ్తే మాత్రం, ఏ దవాఖానో ఆటో అతనికి విడమరిచి చెప్పండి. పొరపాటున ఆ ఇంకో దవాఖానకు పోయినా బాధపడకండి. బాబు వచ్చాక పనికొస్తుందని మేము దాని దారి చూసి పెట్టుకున్నాం.