బోర్డు చదివే మనిషి

ఎంత దూరమైనా పల్లె బస్సులు మారుకుంటూ పోవడమే నా పద్ధతి. హిందూపురానికి పెద్ద బస్సు నేరుగా పోతుంది, నిజమే. పెనుకొండలో దిగి ఇంకో బస్సెక్కితే కాళ్లేమైనా అరిగిపోతాయా? ఆడవాళ్లకు పల్లె బస్సులో టికెట్టు తీసేశాక ఇంకా మొండికేశాను.

నేను చదివింది రెండో తరగతి. అక్షరాలు కూడబలుక్కోవాలి. అందుకే మా ఆయన బోర్డు చదివి, కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టేవాడు. నేను సంచీతో వెనక ఎక్కేదాన్ని. నలభై ఏళ్లుగా ఇంతే.

ఆయన ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. ఈ ఏడు ఎండల్లో కుడి కన్ను కూడా మసకేస్తోందన్నాడు. "శెనక్కాయ పీకినాక పోదాంలే" అన్నాను. వానల్లేక చెట్టుకు కాయే పట్టలేదు. పీకడానికేమీ లేదని తేలాక బయలుదేరాం. హిందూపురం కంటి ఆసుపత్రికి పెద్ద డాక్టరు వారానికి ఒక్కరోజే వస్తాడు. పది దాటితే చీటీ ఇవ్వరు.

తెల్లవారుతుండగా గార్లదిన్నె నుంచి వచ్చి అనంతపురం స్టాండులో దిగాం. ఒక బస్సు వచ్చి ఆగింది. జనం ఎగబడ్డారు.

"ఏం బస్సయ్యా అది?"

"పెనుకొండదే. రా, రా" అంటూ తువ్వాలు విసిరాడు. అది కిటికీ చువ్వకు తగిలి కింద పడింది. తడుముకుని తీసి మళ్లీ విసిరాడు.

"సీటు పట్టేది కూడా మర్సిపోయినావా?" అన్నాను. నవ్వాడు.

కండక్టరు మా దగ్గరికొచ్చేసరికి ఊరు దాటి చాలా దూరం పోయాం.

"పెనుకొండ యాడిదవ్వా? ఇది కదిరి బస్సు. అంత పెద్ద బోర్డుండాది, కండ్లు యాడ పెట్టుకున్నావు తాతా?"

బస్సంతా నవ్వింది. ఆయన తువ్వాలు మడతపెట్టుకున్నాడు.

బత్తలపల్లిలో దిగి రోడ్డు పక్కన నిలబడ్డాం.

"బోర్డు కనపళ్లేదా?"

"ఎప్పుడూ ఆడ నిలబడేది పెనుకొండ బస్సే కదా అనుకున్నా."

"ఎన్నాళ్లనుంచి?"

"ఉగాది కాన్నుంచి."

"బోర్డు కనపళ్లేదని చెప్పేకేమయింది నీకు?"

"చెప్తే పెద్ద బస్సు ఎక్కిచ్చేదానివా?"

సంచీ ఎత్తుకుని రోడ్డు అవతలికి నడిచాను.

హిందూపురం చేరేసరికి ఒంటిగంట. డాక్టరు వెళ్లిపోయాడు.

మరుసటి వారం పెద్ద బస్సులోనే తీసుకుపోయాను. డాక్టరు లైటు వేసి చాలాసేపు చూశాడు.

"నరం ఎండిపోయిందమ్మా. ఆరు నెలలు ముందు తెచ్చింటే ఏమైనా చేసేవాళ్లం."

ఉన్న మసక చూపైనా కొన్నాళ్లు నిలవాలని చుక్కల మందు రాశాడు. దానికోసం నెలనెలా పోతున్నాం, మళ్లీ పల్లె బస్సుల్లోనే. ఆ చూపు కూడా నెలనెలా తగ్గుతూనే ఉంది. తువ్వాలు ఆయన భుజం మీదే ఉంటుంది. నా కొంగు పట్టుకుని నిలబడతాడు. బస్సు వచ్చిన చప్పుడు వినగానే అడుగుతాడు:

"ఏం బస్సే అది?"

"ఉండు, చదువుతాండా."

నేను ఒక్కో అక్షరం కూడబలుక్కునేలోపల అది కదిలిపోతుంది.