ఒక్సానా కోసం సీతాలు వెతికిన జిమ్ము

సీతాలుది విశాఖపట్నంలో సముద్రం ఒడ్డునున్న పెదజాలారిపేట. తండ్రి బతికున్నన్నాళ్ళూ వేటకు వెళ్ళాడు. తల్లి చిట్టెమ్మ ఇప్పటికీ తట్ట నెత్తిన పెట్టుకుని ఎంవీపీ కాలనీ వీధుల్లో చేపలమ్ముతుంది. సీతాలు కబడ్డీ ఆడి జిల్లా జట్టుకు వెళ్ళింది. ఆ ఆట పుణ్యమా అని చదువు గట్టెక్కి, ఒక ప్రైవేటు స్కూల్లో ఆటల టీచరైంది. మనిషికి కోపం ఎక్కువ. మాటిచ్చిందంటే మాత్రం చేసి తీరాలనే రకం.

2006 చలికాలంలో ఆమె రోజూ పొద్దున్నే స్కూలు ఆడపిల్లల్ని బీచిలో పరిగెత్తించేది. ఒక విదేశీ స్త్రీ గట్టు మీద కూర్చుని వాళ్ళనే చూస్తూ ఉండేది. ఒకరోజు ఆమె లేచి వచ్చి, ఏమీ అడక్కుండా వరస చివర చేరి పరుగు మొదలుపెట్టింది. పిల్లలు కిసకిసలాడారు.

"నవ్వుతారేటి? పరిగెట్టండి!" అని సీతాలు విజిలేసింది.

ఆమె పేరు ఒక్సానా. ఉక్రెయిన్ నుంచి ఉక్కు కర్మాగారం విస్తరణ పనుల మీద వచ్చిన ఇంజినీరు. ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు అంతంత మాత్రమే. అయినా ఒక్సానా చేతులూ కాళ్ళూ ఆడించి తన బాధంతా చెప్పింది. వాళ్ళ ఊళ్ళో సాయంత్రమైతే ఇరుగుపొరుగు ఆడా మగా, ముసలీ ముతకా ఒక హాల్లో చేరతారట. ఇసక మూటలు ఎత్తడం, తాడు లాగడం, లారీ టైరు దొర్లించడం, అన్నీ అందరూ కలిసే చేస్తారట. కండలు చూపించుకోవడానికి కాదు, రేపటి పనికి ఒళ్ళు సహకరించడానికి. ఉద్యోగం మీద ఏ దేశం వెళ్ళినా అలాంటి గుంపునొకదాన్ని వెతుక్కుని అందులో చేరిపోయేది. ఇక్కడ మాత్రం దొరకలేదు.

"ఇక్కడ అందరూ నన్ను మేడమ్ అంటారు. స్నేహంగా మాట్లాడే మనిషి ఒక్కరూ లేరు" అంది ఒక్సానా.

ఆ మాట సీతాలుకు తగిలింది. ఆమె కబడ్డీ క్యాంపులు ఆగిపోయి చాలా కాలమైంది. పదిమంది కలిసి ఆయాసపడుతుంటే ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. "ఇంత పెద్ద ఊళ్ళో లేకపోవడమేమిటి? ఆదివారం నేను చూపిస్తాను" అని మాటిచ్చేసింది.

ఆదివారం ముందుగా అల్లిపురంలో సన్యాసిరాజు జిమ్ముకు తీసుకెళ్ళింది. మోటారు సామాన్ల కొట్టు మీద మేడ. గోడకు ఆంజనేయస్వామి పటం, దాని కింద తుప్పు పట్టిన డంబెల్స్. నలుగురు కుర్రాళ్ళు అద్దంలో తమ చేతులు తామే చూసుకుంటున్నారు. ఆడవాళ్ళను చూడగానే గబగబా చొక్కాలు తొడుక్కున్నారు.

"ఆడోళ్ళకి మద్దినేల పదకొండు నుంచి పన్నెండమ్మా. అదీ మంగలారం లేదు" అన్నాడు సన్యాసిరాజు.

"ఆ ఏలప్పుడు ఉజ్జోగాలోళ్ళం ఎలగొత్తాం? పోనీ, అందరం గుంపుగా సేసుకునే కలాసుంటాదేటి?"

"గుంపుగా సెయ్యడానికి ఇదేమైనా ఇస్కూలేటమ్మా? ఎవులి కండ ఆలదే."

తర్వాత సిరిపురంలో కొత్తగా పెట్టిన ఏసీ సెంటరుకు వెళ్ళారు. టై కట్టుకున్న మేనేజరు ఒక్సానాకు ఎదురొచ్చి తలుపు తీశాడు. వెనకే అడుగుపెట్టబోతున్న సీతాలుకు చెయ్యి అడ్డం పెట్టి, తెలుగులో మెల్లగా అన్నాడు: "మేడమ్ గారింట్లో పనిచేస్తావా? నువ్విక్కడే బెంచీ మీద కూర్చో."

మైదానంలో ఎంత లావు మనిషినైనా నడుం పట్టి కిందపడేసిన మనిషి వెళ్ళి ఆ బెంచీ మీద కూర్చుంది. ఎందుకు కూర్చుందో ఆమెకే తెలియదు. గోరు కొరుక్కుంటూ, ఇప్పుడు లేచి వెళ్ళి వాడికేం చెప్పాలో మనసులో పేర్చుకుంటూ ఉండిపోయింది. పేర్చుకోవడం పూర్తికాక ముందే ఒక్సానా బయటికొచ్చింది. ఆమె మొహమూ చిన్నబోయే ఉంది.

"లోపల ఎవరితో ఎవరూ మాట్లాడటం లేదు. ఒక్కొక్కరి ముందూ ఒక టీవీ. ఒకామె నడుముకు బెల్టు కట్టుకుని నిలబడింది, అది ఊపుతోంది, ఆమె ఊగుతోంది" అంది. ఆ తర్వాత, "నువ్వెందుకు లోపలికి రాలేదు?" అని అడిగింది.

"చెప్పులో ముల్లు గుచ్చుకుంది" అని అబద్ధమాడింది సీతాలు. ఇంటికెళ్ళాక తల్లికి మాత్రం జరిగిందంతా చెప్పింది.

సంగతి విని చిట్టెమ్మ మండిపడింది. మేనేజరు మీద కాదు, కూతురు మీద. "మేం కడుపుకోసం మోత్తన్నాం. మీరు సరదాకి మోత్తారేటే? నా తట్ట ఎత్తమను ఆ దొరసానిని, అదే జిమ్ము."

"నీకు తెల్దులేవే అమ్మా!" అని సీతాలు విసుక్కుంది. కాని తల్లి అన్నదాంట్లో అబద్ధం లేదని కూడా ఆమెకు తెలుసు. అందుకే ఇంకా విసుగొచ్చింది.

ఎక్కడా దొరకనప్పుడు మనమే పెట్టుకుందాం అనుకున్నారు. హార్బర్లో పారేసిన మోకు తాడు, లారీ షెడ్డులో అడిగి తెచ్చిన టైరు, ఇసక నింపిన సిమెంటు సంచులు. ఇంతే సరంజామా. మొదట బీచిలో మొదలుపెట్టారు. కాసేపటికే జనం మూగారు. ఎవరో కెమెరా ఫోన్లు తీశారు. పల్లీలమ్మేవాడు బండి అక్కడికే తెచ్చుకున్నాడు. చివరికి హోంగార్డొచ్చి, "మేడమ్, పబ్లిక్ పోగవుతున్నారు, ఎల్లిపోండి" అన్నాడు.

"ఆలని ఎల్లమనవేటి?" అని సీతాలు అరిచింది.

"ఆలెక్కువమందున్నారు కదమ్మా" అన్నాడతను.

ఇక స్కూలు గ్రౌండే దిక్కు. స్కూలు కరస్పాండెంటు గంగాధరరావును అడిగితే, సాయంత్రం పిల్లలు వెళ్ళాక వాడుకోమన్నాడు. అక్కడ మాత్రం పని సాగింది. ఒక విద్యార్థిని తల్లి అనూరాధ మొదట చేరింది. రాజమండ్రి వైపు మనిషి, భర్తకు పోర్టులో ఉద్యోగం, ఆమె నర్సు. రోగుల్ని మంచం మీంచి లేపి లేపి నడుం పట్టేసిందని వచ్చింది. తర్వాత ఆమె పక్కింటివాళ్ళు, ఇద్దరు టీచర్లు, ఒక టైలరు. చీరలు దోపుకుని తాడు లాగేవాళ్ళు, టైరు మీద పడి నవ్వేవాళ్ళు. "మూట ఎత్తేటప్పుడు నడుం కాదు, మోకాళ్ళు వంచండి" అని ఒక్సానా సైగ చేస్తే సీతాలు తెలుగులో అరిచి చెప్పేది. అలసిపోయాక అందరూ గచ్చు మీద కూలబడి మరమరాలు తినేవాళ్ళు. ఒక్సానాను అక్కడ ఎవరూ మేడమ్ అనలేదు. అనూరాధ అయితే "ఏమే సానా" అనే పిలిచేది. వేసవి సెలవుల దాకా సీతాలుకు ఊరి మీద కోపం లేకుండా పోయిన రోజులు అవే.

సెలవులవగానే గంగాధరరావు గదిలోకి పిలిచాడు.

"సీతాలూ, నువ్వు మంచి టీచరువే. కాని ఎదురుగా ఫ్లాట్ల వాళ్ళు ఫిర్యాదు చేస్తున్నారు. ఆ విదేశీ ఆవిడేమో బిగుతు ప్యాంటు వేసుకుంటుంది, మగాళ్ళు బాల్కనీల్లో నిలబడి చూస్తున్నారట. మన స్కూలుకు మాటొస్తుంది."

"సూసేవోల్లని ఆపకుండా సేసేవోల్లని ఆపుతారేటి సార్?" ఆమెకు కోపంలో స్కూలు భాష ఎగిరిపోయి పేట భాషే వచ్చేసింది.

ఆయన బల్ల మీదున్న పెన్నుకు మూత పెట్టాడు. మాట అయిపోయిందని అర్థం.

తర్వాత అనూరాధ అద్దెకుండే ఇంటి మేడ మీద చేసుకున్నారు. మూట దించినప్పుడల్లా పైకప్పు పెచ్చులు రాలుతున్నాయని కింద ఇంటివాళ్ళు గొడవపెట్టారు. మూటలు మానేశారు. ఎగరడం మానేశారు. ఆఖరికి చేతులు చాచి నిలబడటం తప్ప ఏమీ మిగల్లేదు. ఒకరొకరే రావడం తగ్గించారు. వానలు పడుతుండగా ఒక్సానా పని ముగిసింది. రైల్వే స్టేషన్లో ఆమె సీతాలును గట్టిగా కావలించుకుని, "నువ్వు మాట నిలబెట్టుకున్నావు" అంది. ఎక్కడ నిలబెట్టుకున్నానని సీతాలు లోలోపల కుమిలిపోయింది.

కొన్నాళ్ళకు ఫోనొచ్చింది. ఒక్సానా ఇప్పుడు టర్కీలో ఒక ఓడరేవు ఊళ్ళో ఉంది. దిగిన వారంలోనే గుంపు దొరికిందట. పెద్ద షెడ్డు, ఆడా మగా కలిసే, ఒక బామ్మ కూడా ఉందట. ఆమె సంతోషంగా చెప్పుకుపోతుంటే సీతాలు "మంచిది, మంచిది" అంటూనే ఉంది. పెట్టేశాక ఫోను మంచం మీదికి విసిరికొట్టింది.

"ఏటయ్యింది?" అని చిట్టెమ్మ అడిగింది.

"దానికి వారంలో దొరికేసిందంటమ్మా. పుట్టి పెరిగిన ఊళ్ళో నాకెందుకు దొరకనేదు?"

చిట్టెమ్మ ఈసారి తట్ట మాట ఎత్తలేదు. చేపల కత్తి పక్కన పెట్టి, "నీ కోసం అడిగినావేటి ఎప్పుడైనా? ఆ పిల్ల కోసమే కదా అడిగినావు" అంది.

మర్నాడు సీతాలు అనూరాధనూ, దొరికిన ఆడవాళ్ళందర్నీ వెంటేసుకుని గంగాధరరావు గదికి వెళ్ళింది. ఈసారి అరవలేదు. "ఇది మా కోసం సార్. వీళ్ళంతా మన పిల్లల తల్లులు" అంది. అంతమంది తల్లులు ఎదురుగా నిలబడితే ఆయనకు కాదనడం కుదరలేదు. ఆదివారం పొద్దున ఒక గంట ఇచ్చాడు. చీరలో గాని చుడీదారులో గాని రావాలన్నాడు. టైరు చప్పుడు వద్దన్నాడు.

సీతాలు ఒప్పుకుంది. తాడు లాగారు, మూటలు మోశారు, చుడీదారు చున్నీలు నడుముకు బిగించుకుని పరిగెత్తారు. గంట అవగానే వాచ్‌మన్ గేటు దగ్గర తాళం గలగలలాడించాడు. మరమరాలు తినడానికి వ్యవధి లేదు. నడుం నొప్పి పోయిందని అనూరాధ సంబరపడుతుంటే సీతాలుకు మాత్రం ఒళ్ళు మండుతూనే ఉంది. వారానికి ఒక గంట, అదీ దయతలిచి ఇస్తే.

సోమవారం సాయంత్రం ఆమె, అనూరాధ కలిసి పోర్టు క్వార్టర్స్‌లో మూసి ఉందని అనూరాధ భర్త చెప్పిన కమ్యూనిటీ హాలు తాళం ఎవరి దగ్గరుంటుందో కనుక్కోవడానికి బస్సెక్కారు.