సువార్త చేసిన నాయిన బొమ్మ

మా పాప రంగుల మట్టి డబ్బా మూత తీసినప్పుడల్లా వచ్చే ఆ మైనం, కిరసనాయిలు కలిసిన వాసన నాకు గిట్టదు. గచ్చంతా అంటుకుంటుందని కసురుతాను గానీ, అసలు సంగతి అది కాదు.

గోదావరిఖనిలో నేను ఏడో తరగతి చదివిన ఏడు, క్వార్టర్ల ముందు పొద్దున్నే రాజేసిన బొగ్గుల పొయ్యిల పొగ మంచులో కలిసి గొంతులో పట్టేసే డిసెంబరు రోజుల్లో, ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు జరిగితే కిటికీ రెక్కలు గలగలలాడే మా బడికి పట్నం నుంచి ఒక సారు కెమెరా, లైట్లు, సంచెడు రంగుల మట్టి పట్టుకొని వచ్చి, బొమ్మలు నడిచే సినిమా మూడు రోజుల్లో మాతోనే తీయిస్తానన్నాడు. బొమ్మ కాలు వెంట్రుకవాసి జరపడం, ఊపిరి బిగబట్టి తప్పుకోవడం, ఫొటో కొట్టడం, మళ్ళీ జరపడం. పూటంతా చస్తే నాలుగు అడుగులు వేసేది. అయినా కంప్యూటరులో అది మొదటిసారి కదిలినప్పుడు బెంచీలెక్కి అరిచాం.

నా జట్టులో సువార్త ఉండేది. మా వెనక లైను పిల్ల. ఆ వానాకాలమే వాళ్ళ నాయిన బొగ్గుబాయిలో పైకప్పు కూలి చనిపోయాడు. ప్రతి క్రిస్మస్‌కూ వాళ్ళమ్మ వండిన గులాబి పువ్వులు గిన్నెనిండా మా ఇంటికొచ్చేవి. ఆ ఏడు వాళ్ళు ఇంటిమీద నక్షత్రం కూడా కట్టలేదు.

సువార్త వాళ్ళ నాయిననే చేసింది. నల్లమట్టి ఒళ్ళు, పసుపు టోపీ, దానికి లైటు, నడుముకు బ్యాటరీ, ఆ బరువుకు ఒకవైపు వంగిన భుజం. ఎవరు చూసినా ఆయనే అన్నారు. రెండు రోజులు కష్టపడి ఆయనను బాయిలోకి దించాం.

“రేపు మా నాయినను పైకి తెస్త. ఇంటిదాక నడిపిస్త. మా అమ్మను గూడ తోల్కస్త, చూస్తది,” అన్నది.

మూడో రోజు హెడ్‌మాస్టరు వచ్చి, సాయంత్రం పెద్దాఫీసర్లు వస్తున్నారు, ఈ చావుల గోల వద్దు, మొక్కలు నాటే కథ చెయ్యండన్నాడు. పట్నం సారు ఒక్క మాట ఎదురు చెప్పకుండా బాయి ఫొటోలన్నీ కంప్యూటరులోంచి చెరిపేశాడు. చెట్టు మొదలుకు మట్టి చాలలేదు. హెడ్‌మాస్టరు రాకముందే, అన్నం బెల్లు కాగానే సువార్త వాళ్ళమ్మను పిలవడానికి ఇంటికి పోయింది.

“ఆ నల్లబొమ్మను పిసికెయ్ పాపా,” అన్నాడు సారు.

అంతమందిలో నన్నే పిలిచాడని పొంగిపోయాను. రెండు చేతులా పిసికాను. టోపీ పసుపు నలుపులో చారలు చారలుగా కలిసిపోయింది.

సువార్త తల్లిని వెంటబెట్టుకొని వచ్చేసరికి బల్లమీద చెట్టుంది.

“మా నాయినేడి?”

నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. సారు కెమెరాలోంచి తల ఎత్తలేదు. వాళ్ళమ్మ కాసేపు ఆ చెట్టునే చూసి, పిల్ల చెయ్యి పట్టుకొని వెళ్ళిపోయింది. సాయంత్రం తెరమీద చెట్టు ఊగుతుంటే ఆఫీసర్లు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆ సారు మీద నాకు ఇప్పటికీ కోపమే, కానీ నామీద నాకున్నంత లేదు.

తర్వాత ప్రత్యేక రాష్ట్రం వచ్చింది. మా క్వార్టర్లు, బొగ్గుల పొయ్యిలు, ఆ బడి, అన్నీ ఓపెన్‌కాస్టు మట్టికుప్పల కింద పోయాయి. ఆ సినిమా ఎవరి దగ్గరా లేదు. మొన్న ఒక పెళ్ళికి పోతే షేరాటోలో సువార్త కనబడింది. నా చెయ్యి తన ఒళ్ళోకి లాక్కొని దిగేదాకా వదల్లేదు.

“మా నాయినను ముద్ద జేసిండు సూడు గా పట్నపోడు, యాదికున్నదా? వాని చేతులు పడిపోను,” అన్నది.

“ఔనే, వాడే,” అన్నాను.