వరస కలిపి వాయించిన నరసయ్య

గత జ్యేష్ఠమాసంలో, ఒక్క నాటకానికని చెప్పి, మా కొంటా ఊరి నాటక సమాజం వారు దర్జీ నరసయ్య గారి గిటారును తీసుకుపోయారు. శ్రావణంలో ఆయన జ్వరంతోనే నడిచి వెళ్ళి అడిగితే, బీరువా తాళం సెక్రెటరీ గారి దగ్గర ఉందనీ, వారు జగదల్‌పూర్‌లో ఉన్నారనీ చెప్పి గుమ్మంలోనుంచే పంపివేశారు. ఆశ్వయుజంలో, దసరా ప్రదర్శనలో, అదే గిటారును సరస్వతి వేషధారి ఒళ్ళో పెట్టి వీణ అన్నారు. కార్తీకంలో నేను స్వయంగా ఇచ్చిన అర్జీకి సమాధానం లేదు. మార్గశిర బహుళ దశమినాడు నరసయ్య గారు ఆ వాయిద్యాన్ని మళ్ళీ తాకకుండానే కన్నుమూశారు. పుష్యంలో జరిగిన సంతాపసభలో, దానిని సమాజ మందిరపు గోడకు శాశ్వతంగా తగిలించి, కింద ఆయన పేరుతో ఇత్తడి పలక బిగించాలని తీర్మానించి చప్పట్లు కొట్టారు.

ఇవన్నీ జరిగిన వరుసలోనే నా డైరీలో రాసిపెట్టుకున్నాను. దశమినాటి పుటలో మాత్రం ఒక్కటే వాక్యం ఉంది. ఆ ఉదయం శబరి ఏటి రేవు నుంచి వస్తుండగా ఆయన మేనకోడలు లచ్చమ్మ ఎదురుపడి, "పంతులూ, మావ పోయిండు" అన్నది. ఇంటికి వచ్చి ఆ మాటను అలాగే రాశాను. దానికి ఇంకేమీ చేర్చలేకపోయాను.

నరసయ్య గారిని ఎరగని పాఠకులకు ఆయన్ను పరిచయం చేయడం నా ధర్మం. కలప కాంట్రాక్టరు వద్ద పనిచేసిన గోవా గుమాస్తా ఒకడు ఈ సంస్థానం విడిచి వెళ్తూ ఒక గిటారును, ఒక గ్రామఫోనును, కొన్ని పాటల ప్లేట్లను తనకు బట్టలు కుట్టిపెట్టిన ఈ దర్జీకి వదిలివెళ్ళాడు. గురువు లేడు, గ్రంథం లేదు. ఆ ప్లేట్లలో వాయించిన దూరదేశ విద్వాంసులే ఆయనకు ఉపాధ్యాయులు.

ప్లేట్ల మీద వారి పేర్లు ఇంగ్లీషులో ఉండేవి. చదివి చెప్పనా అని ఒకసారి అడిగాను. ఆయన సూది నోట్లోంచి తీసి, "వద్దు పంతులూ. మామను పేరువెట్టి పిలుస్తమా ఏంది? చుట్టరికం చెడుతది" అన్నారు.

మన ప్రాంతంలో కొత్త మనిషి ఎదురైతే ముందు వరస కలుపుకుంటాం. ఎవరు మామో, ఎవరు బావో తేలితే గాని ఎలా మాట్లాడాలో తెలియదు. నరసయ్య గారు ఆ సదాచారాన్నే సంగీతానికి అన్వయించారు. హవాయి ద్వీపాల విద్వాంసుడు ఆయనకు మామ. ఆయన పాటకు గిటారును ఒడిలో పడుకోబెట్టి, విరిగిన కత్తెర రెక్క వీపును తీగల మీద జార్చి, ఉన్నది ఉన్నట్లుగా, తల వంచి వాయించేవారు. మామతో పరాచికం కూడదు గదా! స్పెయిన్ దేశపు విద్వాంసుడు బావ. గిటారును నిలబెట్టి, ఆ బావ పాటను వేళ్ళతో తిప్పి, విరిచి, వెక్కిరించేవారు. అమెరికాలో నల్లవారి పాటలు వాయించిన మూడో ఆయన అన్న. "అన్నను ఎక్కిరించొద్దు, అన్నకు భయపడొద్దు. పక్కన కూసోవాలె, అంతే" అనేవారు.

సంతనాడు దుకాణం ముందు జనం గుమిగూడేవారు. ఇప్పపువ్వు అమ్మవచ్చిన దోర్ల తెగ పెద్దమనిషి ఒకాయన, "ఏంది దర్జీ, ఇయ్యాల మామనా, బావనా?" అని కేకవేసేవాడు.

"బావే! నిన్న నా వేళ్ళకు దొరకకుండ ఉరికిండు. ఇయ్యాల పట్టుకుంట."

"పట్టుకున్నంక నా అంగీ గుండీ గూడ కుట్టు!"

అటువంటి ఒక సంతలోనే నేను మరువలేని సంఘటన జరిగింది. తల్లి పోయిన నాటినుంచి తన పెంపకంలోనే ఉన్న లచ్చమ్మకు ఆయన ఈ విద్య నేర్పుతున్నారు. ఆనాడు ఆమెను కూర్చోబెట్టి స్పెయిన్ పాట వాయించమన్నారు. ఆమె దానిని నెమ్మదిగా, భక్తిగా, దీపం ముందు కూర్చున్నట్లు వాయించింది. జనం నవ్వారు.

"అట్ల ఏడిపిస్తవేంది పిల్లా? బావను ఆటపట్టియ్యాలె!" అన్నారు నరసయ్య గారు.

"నీకు బావ, మావా. నీ బావంటే నాకు నాయన వరస గాదా? నాయనను ఎట్ల ఎక్కిరియ్యాలె?"

నవ్వు ఆగిపోయింది. ఆయన ఆమె చేతులకేసి చూసి, "నిజమే బిడ్డా. గా పాటకు ఇంకో మొఖం ఉందని నాకు తెల్వకపాయె. ఇగ నీ వరసనే వాయించు" అన్నారు. ఆనాటి నుంచి హవాయి మామ ఆమెకు తాత అయ్యాడు. తాతతో మనుమరాలికి ఎంత చనువో ఆ పాటకు అంత చనువు వచ్చింది. గిటారు ఒక్కటే, ప్లేట్లు అవే. చేయి మారితే చుట్టరికం మారింది, చుట్టరికం మారితే పాట మారింది. పాట బాణీని మన భాషలో వరస అని కూడా ఎందుకంటారో నాకు ఆనాడు బోధపడింది.

సమాజం వారు సంతాపసభలో ఆయనను "గిటారు కళానిధి" అన్నారు. ఆడపిల్ల సంతలో కూర్చుని వాయించడం మర్యాద కాదనీ, గోడమీద ఉంటే పదిమందీ చూస్తారనీ కూడా అన్నారు. ఆ పదిమందీ సంతలో విన్నవారే. అక్కడికి వట్టి చెక్కను చూడటానికి ఎవరూ రాలేదు. నరసయ్య గారు పోయిన నాటినుంచి లచ్చమ్మ వేళ్ళు కుట్టుమిషను బల్లమీద ఉత్తినే కదులుతున్నాయి. ఇంకొన్నాళ్ళు ఇలాగే గడిస్తే ఆ వేళ్ళు కూడా మరచిపోతాయి. అప్పుడు ఆయన నిజంగా పోయినట్లు. ఆ మహానుభావుని స్మృతికి చేతులు జోడించి నమస్కరిస్తున్నాను. అటువంటి చెవి మళ్ళీ మన శబరి ఒడ్డున పుట్టదు.

కనుక సమాజం వారిని లాంఛనంగా కోరుతున్నాను. గిటారును లచ్చమ్మకు అప్పగిస్తారో లేదో, అప్పగించకపోతే ఏ హక్కుతో ఉంచుకున్నారో, కాగితం మీద రాసి, సెక్రెటరీ గారి సంతకంతో, మాఘం దాటకముందే నాకు పంపవలెను. నోటిమాటను సమాధానంగా స్వీకరించను. ఆ కాగితం సిద్ధమయ్యేలోగా ఒక్క పని చేయండి. బిగించిన తీగలతో అలాగే వదిలేస్తే గిటారు మెడ వంగిపోతుంది. తీగలు సడలించండి. ఎలా సడలించాలో మీలో ఎవరికీ తెలియకపోతే లచ్చమ్మను పిలవండి. వస్తుంది.